చైను పడింది తాతయ్యా

నేను రిటైరైన మూడోనెలలో మా ఇంట్లో మిక్సీ పోయింది. పోయిందంటే దొంగలెత్తుకుపోలేదు. బాగానే తిరుగుతున్నదాన్ని, చప్పుడు కాస్త తేడాగా ఉందని నేనే విప్పాను. విప్పినవన్నీ మళ్ళీ బిగించాను. బిగించాక రెండు స్క్రూలు మిగిలాయి. రెండు స్క్రూలు తక్కువైనంత మాత్రాన తిరక్కపోవడానికి వీల్లేదు నిజానికి. అయినా తిరగలేదు. ఆ మరుసటి నెల గీజరు. ఆ పైన హాల్లో ఫ్యాను. ఫ్యాను సంగతి మా కోడలు ఇప్పటికీ ఎత్తదు. ఎత్తకపోవడమే ఎక్కువ బాధగా ఉంటుంది.

36 ఏళ్ళు ఆర్టీసీ డిపోలో అరిగిన చేతులివి. శ్రామిక్‌గా చేరి మెకానికల్ ఫోర్‌మన్‌గా దిగాను. రాత్రి బండి తెచ్చి నిలబెట్టిన డ్రైవరు లాగ్ షీట్లో ‘బ్రేకు లాగుతోంది’ అని రెండు ముక్కలు గీకి ఇంటికి పోతాడు. ఎడమకి లాగుతోందా కుడికా, తడిరోడ్డు మీదా, దిగుడులోనా అన్నది రాయడు. తెల్లారగట్ల మొదటి సర్వీసు గేటు దాటేలోగా ఆ రెండు ముక్కల్లోంచి జబ్బేమిటో లాగడమే నా ఉద్యోగం. అలాంటివాణ్ణి తీసుకొచ్చి పటమటలో మూడో అంతస్తు బాల్కనీలో కూర్చోబెట్టి, ‘‘ఇక హాయిగా రెస్టు తీసుకోండి’’ అన్నారు. ఆటోనగర్ నుంచి వచ్చే లారీల హారన్లు వినిపించేంత దగ్గర్లో కూర్చోబెట్టి రెస్టు తీసుకోమనడం, స్వీటుకొట్టు ఎదురుగా షుగరు రోగికి కుర్చీ వెయ్యడం లాంటిది.

మా ఆవిడ ముందు బతిమాలింది. తర్వాత తిట్టింది. ఆఖరికి స్క్రూడ్రైవర్లు, స్పానర్లు మూటగట్టి ఎక్కడో దాచేసింది. ఇంట్లో మూడు గదులు. ఎంత వెతికినా దొరకలేదు. అట్లకాడతో వాషింగ్ మిషను వెనక మూత తీయబోతూ దొరికిపోయిన రోజున ఆవిడ ఏమీ అనలేదు. నా మొహంలోకి చూసి వంటింట్లోకి వెళ్ళిపోయింది.

ఆ ఏప్రిల్లో మా మనవడు ఐదో తరగతి పూర్తి చేశాడు. మా అబ్బాయి వాడికి గేరు సైకిలు కొన్నాడు. ముందు మూడు పళ్ళచక్రాలు, వెనక ఏడు, వెరసి 21 గేర్లు. ముందు ఫోర్కుకి స్ప్రింగులు, లారీ టైరు తమ్ముడిలా లావుపాటి టైర్లు. కొండలెక్కే సైకిలట. గుణదల కొండ మా మేడ మీంచి కనపడే మాట నిజమే గాని, మా వీధి మొత్తానికి ఎత్తున్నది ఒక్క స్పీడ్ బ్రేకరే. ధర 13,500. నేను ఉద్యోగంలో చేరేటప్పుడు కొనుక్కున్న సైకిలుకి గేరు లేదు, చైను కవరు ఉంది. దాని మీద 11 ఏళ్ళు డ్యూటీకెళ్ళాను. చైను వదులైతే వెనకచక్రం నట్లు సడలించి రెండు నూళ్ళు వెనక్కి లాగి బిగించడమే. అంతకుమించి దానికి జబ్బులుండేవి కావు.

సైకిలు వచ్చిన మూడోరోజు, ఏప్రిల్ 28న, సాయంత్రం ఆరుంబావుకి వాడు కింద గేటు దగ్గర్నించి అరిచాడు.

‘‘తాతయ్యా, చైను పడింది!’’

మెట్లు ఎలా దిగానో నాకు గుర్తులేదు. లిఫ్టు ఉందన్న సంగతి కింద చేరాక జ్ఞాపకమొచ్చింది. ఇంకో విషయం: నేను చెప్పులేసుకుంటుంటే మా ఆవిడ వంటింట్లోంచి వచ్చి పనిముట్ల మూట నా చేతిలో పెట్టింది. ఎక్కణ్ణుంచి తీసిందో నేను అడగలేదు, ఆవిడా చెప్పలేదు.

చైను ముందు చిన్నచక్రం మీంచి లోపలికి జారి, ఫ్రేముకీ చక్రానికీ మధ్య ఇరుక్కుని ఉంది. తీయడం పెద్దపనేం కాదు. వెనకచక్రం పక్కన వేలాడే రెండు బుల్లిచక్రాల సరంజామాని ముందుకి నొక్కి పట్టుకుంటే చైను వదులవుతుంది. కింది పళ్ళకి తగిలించి పెడలు తిప్పితే అదే ఎక్కి కూర్చుంటుంది. కానీ ఎక్కించినవాడు మెకానిక్కు కాడు. ఎందుకు పడిందో చెప్పినవాడు మెకానిక్కు.

ఎందుకు పడిందో ఐదు నిమిషాల్లో తేల్చాను. ఈ గేరు సైకిళ్ళలో చైనుని ఒక పళ్ళచక్రం మీంచి పక్కదాని మీదికి తోసే యంత్రాన్ని డిరైలర్ అంటారు. ఫ్రెంచి మాట. పట్టాలు తప్పించేది అని దాని అర్థం. చైనుని దారి తప్పించడమే దాని ఉద్యోగమన్నమాట. ఎంతవరకు తప్పించాలో చెప్పడానికి దాని నెత్తిన రెండు చిన్న స్క్రూలుంటాయి. ఒకదాని పక్కన హెచ్, ఒకదాని పక్కన ఎల్. అవి హద్దురాళ్ళు. ఎల్ స్క్రూ వదులుగా ఉంటే ముందు డిరైలర్ చైనుని చిన్నచక్రం దాటించి ఫ్రేము మీద పడేస్తుంది. పెట్టెలో సగం బిగించి వచ్చిన సైకిలుని కొట్లో కుర్రాడు హడావిడిగా బిగించి ఇచ్చి ఉంటాడు, హద్దు చూసి ఉండడు. ఎల్ స్క్రూని కుడివైపు అరచుట్టు తిప్పాను. చైనుకీ డిరైలర్ లోపలి రేకుకీ మధ్య సందు సన్నగా, రాసుకోకుండా ఉండేటట్టు చూసుకున్నాను. గేర్లు పదిసార్లు పైకీ కిందికీ మార్చి చూశాను. పడలేదు.

ఆ రాత్రి రెండు ముద్దలు ఎక్కువ తిన్నాను. మా ఆవిడ వడ్డిస్తూ నా వంకే చూస్తోంది. ‘‘ఏమిటలా చూస్తున్నావ్?’’ అన్నాను. ‘‘ఏం లేదు, చేతులు సరిగ్గా కడుక్కోలేదు మీరు’’ అంది.

మర్నాడు ఆరుంబావుకి మళ్ళీ చైను పడింది.

ఇది కొత్త. అరచుట్టు తిప్పిన స్క్రూ వెనక్కి రాలేదు, నేను గీసిన పెన్సిలు గుర్తు దగ్గరే ఉంది. అయినా చైను పడింది, అదీ లోపలికే. అంటే జబ్బు ఇంకెక్కడో ఉంది. మంచం కింద పెట్టెలోంచి పాత డైరీ ఒకటి తీసి గళ్ళు గీశాను: తేదీ, వేళ, ఎటువైపు పడింది, అప్పుడున్న గేరు, కారణం, చేసిన పని. డిపోలో బ్రేక్‌డౌన్ రిజిస్టరు ఎలా రాసేవాణ్ణో అలాగే. ఇంట్లోవాళ్ళకి ఎగతాళిగా ఉండొచ్చు గాని, మళ్ళీ మళ్ళీ వచ్చే జబ్బుకి రాతే మందు. బండి చెప్పనిది పుస్తకం చెబుతుంది.

రెండోసారికి కారణం: డిరైలర్ ఎత్తు. ముందు డిరైలర్ రేకు పెద్దచక్రం పళ్ళకి రెండు మిల్లీమీటర్ల పైన, చక్రానికి సరిసమాంతరంగా ఉండాలి. ఇక్కడ నాలుగుంది. దించాను. మూడోసారికి కారణం: కేబులు వదులు. కొత్త కేబులు మొదటివారంలో సాగినట్టుంటుంది, తొడుగులు వాటి గూట్లో సర్దుకుంటాయి కాబట్టి. బిగించాను. నాలుగోసారికి కారణం: బిరుసు లంకె. చైను మొత్తం ఒక్కొక్క లంకే వేళ్ళతో వంచి చూస్తే ఒకచోట కొంచెం మొండికేసింది. పక్కలకి ఆడించి నూనెచుక్క వేశాను.

మీరు గమనించారో లేదో, వెతికిన ప్రతిసారీ ఒక తప్పు దొరికింది. కొత్త సైకిలుకి ఇన్ని తప్పులా అని నాకు ఆశ్చర్యంగానే ఉంది. ఆనందంగా కూడా ఉంది. ఇందులో దాచేదేం లేదు.

మా మనవడి గురించి చెప్పాలి. ఈ కాలప్పిల్లలకి ఓపిక లేదంటారు. నేను ఒప్పుకోను. నేను సెల్లార్లో సైకిలు తలకిందులుగా నిలబెట్టి పనిచేస్తుంటే వాడు బోర్లించిన బకెట్టు మీద కూర్చుని కదిలేవాడు కాదు. ‘‘స్పానరివ్వరా’’ అంటే ఇచ్చేవాడు. పదో నెంబరిమ్మంటే పదోదే ఇచ్చేవాడు. చేతులు పనిలో ఉంటే నోరు ఊరుకోదు కదా, నేను కథలు చెప్పేవాణ్ణి. అమెరికాలో కాలిఫోర్నియాలో టామల్‌పాయిస్ అనే కొండ చుట్టుపక్కల 1970ల్లో కొందరు కుర్రాళ్ళు పాత లావుటైర్ల సైకిళ్ళు వేసుకుని మట్టిబాటలో దూసుకుంటూ దిగేవారు. ఈ కొండసైకిళ్ళ పుట్టుక అక్కడే. వాటికి వెనకచక్రం ఇరుసులోనే బ్రేకు. కొండ దిగేసరికి అది కాగి లోపలున్న గ్రీజు పొగలై పోయేది. పందెం అయ్యాక ఇరుసు విప్పి మళ్ళీ గ్రీజు కూరాలి. అందుకని ఆ పందేనికి రీప్యాక్ అనే పేరు పెట్టారు. ఇది ఫోనులో చూసి చెప్పాను. వీల్ బేరింగుల్లో గ్రీజు కూరుతూ సగం జీవితం గడిపిన నాకు ఆ కుర్రాళ్ళు మేనల్లుళ్ళలా అనిపించారు.

కానీ వాడికి అన్నిటికంటే నచ్చింది సబ్బుబిళ్ళ కథ. శివరాత్రికి శ్రీశైలం స్పెషలు. డోర్నాల దాటి ఘాట్లో రాయి ఎగిరి డీజిలు ట్యాంకుకి చిల్లు. అర్ధరాత్రి, అడవి, బస్సు నిండా భక్తులు. బ్రేక్‌డౌన్ వ్యానులో నేను. వెల్డింగు పెట్టే వీలు లేదు. ఒక ముసలామె సంచిలోంచి బట్టల సబ్బు అడిగి తీసుకుని, పిసికి, ఆ చిల్లులో కూరి, మీద గుడ్డ కట్టి, బస్సుని తెల్లారేసరికి శ్రీశైలం చేర్చాను. సబ్బు డీజిల్లో కరగదు, అదీ కిటుకు. చెప్పినప్పుడల్లా వాడు బకెట్టు ముందుకి జరుపుకుని, ‘‘తర్వాతేమైంది తాతయ్యా?’’ అనేవాడు. మా అబ్బాయి చిన్నప్పుడు ఒక్కసారి కూడా అడగని ప్రశ్న అది.

కథ, పని రెండూ ఏడింటికల్లా పూర్తయ్యేవి. వాడు పైకి పరుగెత్తి నేరుగా వంటింట్లోకి దూరేవాడు. నేను చేతులు కడుక్కుంటుంటే పోపులడబ్బా మూత చప్పుడు వినపడేది. బెల్లంముక్క పెడుతోంది కాబోలు అనుకునేవాణ్ణి.

మే రెండోవారానికి డైరీలో పదకొండు ఎంట్రీలు. హ్యాంగరు మీద అనుమానం వచ్చింది. వెనక డిరైలర్ వేలాడే చిన్న అల్యూమినియం ముక్క అది. దాన్ని కావాలనే మెత్తగా చేస్తారు, దెబ్బ తగిలితే అదే వంగాలి గాని ఫ్రేము వంగకూడదని. ఇంట్లో పెద్దవాళ్ళలాంటిదన్నమాట. వెనకనుంచి ఒంటికన్నుతో చూస్తే నిలువుగా లేదు, వెంట్రుకవాసి లోపలికి వంగింది. వంగిందనే అనిపించింది. పట్టుకారుతో సర్దాను.

నాలుగురోజులు చైను పడలేదు!

ఆ నాలుగురోజులూ నేనే తొక్కాను. పిల్లవాడి సైకిలు మీద 64 ఏళ్ళవాడు మోకాళ్ళు చెవులకి తగులుతుండగా సెల్లార్లో రోజుకి నలభై చుట్లు. వాచ్‌మన్ చూసి మొహం పక్కకి తిప్పుకునేవాడు. చైను ఒక్కసారి కూడా పడలేదు. డైరీలో ‘మూలకారణం: హ్యాంగరు. సమస్య పరిష్కారమైంది’ అని ఎర్రసిరాతో రాసి కింద సంతకం చేశాను. ఆ నాలుగురోజులు మనవడు తెనాలిలో అమ్మమ్మగారింటికి వెళ్ళాడన్నది రాయలేదు. దానికీ దీనికీ సంబంధమేమిటి?

వాడు తిరిగొచ్చిన సాయంత్రం ఆరుంబావుకి చైను పడింది.

అప్పుడు నాకు మెరుపులా తట్టింది. బరువు! నేను 78 కిలోలు, వాడు 31. లోడు మీద కనపడని జబ్బు ఖాళీ బండిలో కనపడుతుందని మా డిపోలో చిన్నపిల్లవాడికి కూడా తెలుసు. నా బరువుకి చైను బిగుతుగా ఉండి పడటంలేదు, వాడి తొక్కుడికి వదులుగా ఉండి పడుతోంది. అయితే వదులెందుకుంది? ఫ్రీవీలు. పెడలు ఆపగానే వెనక పళ్ళగుత్తి ఆగిపోవాలి. లోపల జిడ్డుగా ఉంటే ఆగకుండా చక్రంతోపాటు తిరుగుతూ చైనుని ముందుకి నెడుతుంది, పైభాగం చైను తోరణంలా వేలాడి జారుతుంది. ఇది పుస్తకాల్లో ఉన్న నిఖార్సైన కారణం. కిరసనాయిలుతో కడిగి పల్చటి నూనె పోశాను. మర్నాడూ పడింది.

చైను పొడవు చూశాను. పెద్దచక్రం నుంచి పెద్దచక్రానికి చుట్టి, పైన ఒక అంగుళం వదలాలి. సరిగ్గానే ఉంది. అరుగుదల చూశాను. 1880లో హాన్స్ రెనాల్డ్ అనే ఆయన మాంచెస్టర్లో పేటెంటు తీసుకున్న రోలరు చైనే ఇప్పటికీ సైకిళ్ళకి తిరుగుతోంది. పిన్నుకీ పిన్నుకీ మధ్య అరంగుళం. ఇరవైనాలుగు లంకెలకి ఖచ్చితంగా 12 అంగుళాలు రావాలి. అంగుళంలో పదహారోవంతు ఎక్కువొస్తే మార్చేయాలి. నెల వయసు చైను అరగదని నాకు తెలుసు. తెలిసీ కొలిచాను. 12 అంగుళాలే వచ్చింది. ఆ రాత్రి నిద్రపట్టలేదు.

‘‘అందరికీ నిద్రలో పలవరింతలొస్తాయి, మీకు పళ్ళచక్రాలొస్తున్నాయి’’ అంది మా ఆవిడ. ఆ నెలన్నరా ఆవిడ సాధింపులకి లోటులేదు. నల్లచేతులతో గ్లాసు పట్టుకున్నానని, లుంగీకి గ్రీజయిందని, కాఫీ చల్లారిందని. కానీ ఎందుకో పనిముట్ల మూట మళ్ళీ దాచలేదు. మిక్సీ, గీజరు, ఫ్యాను వైపు నేను కూడా కన్నెత్తి చూడలేదు, తీరికేదీ? మా కోడలు మాత్రం ఒకరోజు కొడుకు చొక్కా ఉతుకుతూ, ‘‘మావయ్యగారూ, వీడు జేబులో ఐస్‌క్రీమ్ పుల్లలు పెట్టుకుంటున్నాడు, జేబంతా నల్లటి మరకలు. కొంచెం చెప్పండి’’ అంది. చెబుతానన్నాను. మర్చిపోయాను. ఫోర్‌మన్ చెవిన పడిన కంప్లైంటు లాగ్ షీట్లోకి ఎక్కకపోవడం నా సర్వీసులో అదొక్కసారే.

మే ఆఖర్లో బ్రహ్మాస్త్రం తీశాను. ఆటోనగర్‌కి వెళ్ళి, తెలిసిన లేతు షాపులో అల్యూమినియం పట్టీ వంచించి, సీటుగొట్టానికి క్లాంపుతో బిగించాను. చిన్నచక్రానికీ ఫ్రేముకీ మధ్య గోడలా నిలబడుతుంది. చైను లోపలికి పడదామన్నా సందుండదు. పందెపు సైకిళ్ళకి కూడా ఇలాంటిది పెడతారు. షాపతను 60 రూపాయలు తీసుకున్నాడు. ఇంత చిన్నపనికి డబ్బులెందుకు సార్ అంటాడేమోనని చూశాను. అనలేదు. మనవడికి ఆ పట్టీ చూపించి, ‘‘ఇక దీని బాబు కూడా పడదురా’’ అన్నాను. వాడు వంగి అటూ ఇటూ చూసి, ‘‘అవును తాతయ్యా, లోపలికి పడదు’’ అన్నాడు.

మర్నాడు చైను బయటికి పడింది.

నెలరోజులు లోపలికి పడిన చైను, ఒక్కరాత్రిలో మనసు మార్చుకుని బయటికి! నా 36 ఏళ్ళ సర్వీసులో ఏ యంత్రమూ ఇలా నాతో వాదానికి దిగలేదు. డైరీలో ‘కొత్త లక్షణం’ అని రాసి రెండుసార్లు గీత గీశాను. పెన్ను ఫ్రేముకి ఆనించి చక్రం తిప్పి పళ్ళు వంకర తిరుగుతున్నాయేమో చూశాను. క్రాంకు పట్టుకుని ఊపి ఇరుసు ఆడుతోందేమో చూశాను. హెచ్ స్క్రూ పావుచుట్టు బిగించాను. ముందు పెద్దచక్రం మీద, వెనకా పెద్దచక్రం మీదే చైను ఉంచి అడ్డదిడ్డంగా తొక్కొద్దని వాడికి గట్టిగా చెప్పాను. వాడు బుద్ధిగా తలూపాడు. ఆ తర్వాత చైను ఒకరోజు లోపలికి, ఒకరోజు బయటికి పడేది. పట్టీ ఉండగా లోపలికెలా పడుతోందో చెప్పమని మెకానికల్ చదివిన మా అబ్బాయిని అడిగాను. ‘‘నాన్నా, దాన్ని అమ్మేసి గేర్లు లేనిది కొందాం’’ అన్నాడు. వంటింట్లో ఏదో గిన్నె కిందపడింది. ‘‘అమ్మడం ఎందుకురా? ఆయన చూసుకుంటారుగా!’’ అని మా ఆవిడ గబగబా వచ్చి అంది. పెళ్ళైన ఇన్నేళ్ళలో నా పనితనం మీద ఆవిడ అంత నమ్మకం చూపించడం అదే మొదలు.

జూన్ 11. మర్నాడు బడి తెరుస్తారు. మా కోడలు కొత్తపుస్తకాలకి అట్టలేస్తూ, పాతనోటు పుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలు చించిపెడితే రఫ్ పుస్తకం కుట్టిస్తానంది. నేను చించుతున్నాను. సోషలు నోట్సు వెనకపేజీలు తిరగేస్తే గళ్ళు గీసి ఉన్నాయి. గీతలు తిన్నగా ఉన్నాయి, స్కేలుతో గీసినవి. తాత పోలిక అనుకున్నాను.

తేదీ. చై. క. పా.క. స.క. మొత్తం. ముట్టింది.

మొదటి తేదీ ఏప్రిల్ 29. దాని ఎదురుగా చై 10, క 5. మొత్తం 15. ముట్టింది దగ్గర ‘నా’ అని ఉంది. వరసగా తేదీలు. నేను లేచి వెళ్ళి నా డైరీ తెచ్చుకుని పక్కపక్కన పెట్టుకున్నాను. నా డైరీలో 32 ఎంట్రీలు. వాడి పుస్తకంలో 31. మిగతా తేదీలన్నీ తూచినట్టు సరిపోయాయి. వాడి దాంట్లో లేనిది ఒక్కటే, ఏప్రిల్ 28.

అంటే చైను తనంతట తను పడింది ఆ ఒక్కరోజే. అరచుట్టు తిప్పిన ఎల్ స్క్రూతో జబ్బు ఆ సాయంత్రమే కుదిరిపోయింది. ఆ పైన నేను కనిపెట్టిన కారణాలు, ఎర్రసిరా సంతకంతో సహా, 31.

నోటుపుస్తకం అట్ట లోపల పనిముట్టు కూడా దొరికింది. రెండు ఐస్‌క్రీమ్ పుల్లలు కలిపి రబ్బరుబ్యాండు చుట్టింది. కొస నల్లగా ఉంది. పెడలు వెనక్కి తిప్పుతూ చైను కింద దీన్ని దూర్చి పక్కకి ఎత్తితే చాలు. పట్టీ బిగించాక కొసని కొంచెం చెక్కి సన్నం చేశాడు. డిపోలో ఇలాంటివాటిని స్పెషల్ టూల్ అంటాం. పనితనం బాగుంది.

మరి ‘నా’ ఎవరు? నాన్న అనుకున్నాను, రక్తం ఉడికింది. కానీ మా అబ్బాయి మే 6 నుంచి 19 దాకా ఆఫీసు పనిమీద బెంగుళూర్లో ఉన్నాడు. ఆ రోజుల్లో కూడా ‘ముట్టింది – నా’ అనే ఉంది. ఆరుంబావుకి చైను, ఏడింటికి వంటిల్లు, పోపులడబ్బా మూత. నాన్న కాదు, నాన్నమ్మ. ఈ వేసవి మొత్తంలో నేను సరిగ్గా పట్టుకున్న జబ్బు ఇదొక్కటే.

మా ఆర్టీసీవాళ్ళకొచ్చే పింఛను సంగతి మీకు తెలిసే ఉంటుంది. భవిష్యనిధి వాళ్ళు వేసే నాలుగంకెల సొమ్ము. నెల మొదట్లో తెచ్చి ఆవిడ చేతిలో పెడతాను. ఆవిడ పోపులడబ్బా అడుగున పెడుతుంది. 36 ఏళ్ళు జీతం తీసుకుని పనిచేసినవాణ్ణి, ఈ నెలన్నరగా జీతమిచ్చి పనిచేస్తున్నాను. అయినా నాకు అంత కోపం రాలేదు. నిజం చెప్పాలంటే ఒకరకంగా సంతోషమే కలిగింది. మిగతా గళ్ళు చదవకుండా అక్కడితో పుస్తకం మూసేసి ఉంటే ఆ సంతోషం అలాగే ఉండేది.

చై అంటే చైను. అది తెలుస్తూనే ఉంది. క అంటే? పేజీ కింద చిన్న అక్షరాలతో రాసి పెట్టుకున్నాడు. వాళ్ళ టీచరు పటాల కింద గుర్తులు రాయించినట్టు.

చై – చైను తీసినందుకు, 10.
క – కథ విన్నందుకు, 5.
పా.క – పాత కథ మళ్ళీ విన్నందుకు, 10.
స.క – సబ్బు కథ. సారికి 5 పెరుగును.

పేజీ అంతా లెక్కేశాను. చైను 31 సార్లు, 310. కొత్తకథలు 11, అంటే 55. పాతకథలు 14, అంటే 140. సబ్బు కథ ఆరుసార్లు: 5, 10, 15, 20, 25, 30. కలిపితే 105. మొత్తం 610 రూపాయలు. కూడికలో ఒక్క తప్పు లేదు. ఒకచోట, మే 24 దగ్గర, ‘తర్వాతేమైంది అని అడిగినందుకు 2’ అని రాసి కొట్టేసి ఉంది. పక్కన ‘నా ఒప్పుకోలేదు’ అని ఉంది.

తెల్లకాగితాలన్నీ జాగ్రత్తగా చించి కోడలికిచ్చాను. ఆ పేజీ మాత్రం చించలేదు. పుస్తకం, పుల్లలు ఎక్కడివక్కడ పెట్టేశాను.

మర్నాడు వాడు బడినుంచి వచ్చి, పాలు తాగి, సైకిలు తీసుకుని కిందికెళ్ళాడు. నేను గడియారం చూస్తూ కూర్చున్నాను. ఆరుంబావు అయింది.

‘‘తాతయ్యా, చైను పడింది!’’

‘‘పాతలుంగీ కట్టుకుని మరీ వెళ్ళండి’’ అంది మా ఆవిడ, పోపు వేస్తూ, వెనక్కి తిరక్కుండా.

సెల్లార్లో సైకిలు బోర్లించాను. లోపలికి పడింది. వాడు బకెట్టు వేసుకుని కూర్చున్నాడు. పదో నెంబరు స్పానరు అడక్కుండానే అందించాడు.

‘‘ఒరేయ్, నీకు శ్రీశైలం ఘాట్లో డీజిలు ట్యాంకుకి సబ్బు పెట్టిన సంగతి చెప్పానా?’’ అన్నాను.

‘‘లేదు తాతయ్యా, చెప్పు’’ అన్నాడు, బకెట్టు ముందుకి జరుపుకుంటూ.

ఏడోసారికి 35.